ఖాసింబీ గారి ఇంటి మీది చింతకొమ్మ

ఖాసింబీ గారి దావా సంగతి నాకు మొదట చెప్పినవాడు కోర్టు జవాను దస్తగిరి. యుద్ధం రోజులు. శివరాత్రి ఇంకా రాలేదు గాని నరసరావుపేటలో ఎండ అప్పుడే మొహాన కొడుతోంది. నేను పెరట్లో తులసికి నీళ్ళు పోస్తున్నాను. దస్తగిరి దడి అవతలే నిలబడి దగ్గాడు. ఆడవాళ్ళున్న ఇంటికి వచ్చినప్పుడు అతని పిలుపు అదే.

"అమ్మగారూ, మీకు పనొచ్చింది. మాచెర్లలో ఒక బీబీగారు సాక్ష్యం చెప్పాలంట. గోషా మనిషి, కోర్టు గడప తొక్కదు. నరసింహం పంతులుగారు కమిషనుకు పోతన్నారు. మిమ్మల్ని రమ్మన్నారు."

"దావా దేని మీద దస్తగిరీ?"

"చింతచెట్టు మీదండీ." అతనికి నవ్వాగలేదు. "చెట్టేమో పిచ్చమ్మ అనే ఆవిడదంట. కొమ్మేమో బీబీగారి ఇంటి మీదుందంట. కొమ్మను నరకాలని ఒకరు, నరికితే ఊరుకోనని ఒకరు. పెద్దపెద్ద పొలాల తగాదాలు చూశాంగానీ, కొమ్మ కోసం కోర్టుకొచ్చినోళ్ళని ఇప్పుడే చూస్తన్నా."

నేనూ నవ్వాను. చెట్ల తగాదాలు చిన్నవని అప్పటికి నా నమ్మకం.

తెర లోపలి ఉద్యోగం

మా వీధి అమ్మాయి ఒకతె ఈ మధ్య నల్లకోటు వేసుకుని కోర్టుకు పోతోంది. "మామ్మా, మీ రోజుల్లో కోర్టుల్లో ఆడవాళ్ళే లేరుగదా, మీరేం చేసేవారు?" అని అడిగింది. నోటితో చెబితే సగం మరిచిపోతానని రాస్తున్నాను. ఆ పిల్ల కోసమూ, ఆమె వెనక రాబోయేవాళ్ళ కోసమూ.

నేను బడికి పోలేదు. మా నాన్నగారు పురాణం చెప్పేవారు. సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని పుస్తకం పట్టుకోవడమే నా చదువు. మా పుట్టింటి పక్క ఇల్లు సాయిబులది. వాళ్ళ పిల్లలతో ఆడుకుని వాళ్ళ ఇంటి ఉర్దూ మాట నాకు అబ్బింది. ఈ రెండూ భగవంతుడు నాకు అడగకుండా ఇచ్చినవి. పెళ్ళయ్యాక మావారు కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తా. ఒకసారి ఆయన నరసింహం గారితో మాటవరసకు, "మా ఇంట్లో ఆవిడకు సాయిబుల మాట వచ్చు" అన్నారట. అలా నా ఉద్యోగం మొదలైంది.

గోషా పాటించే స్త్రీలను కోర్టుకు రమ్మని బలవంతపెట్టడానికి వీల్లేదు. కోర్టువారు ఒక వకీలును కమిషనరుగా వేసి ఆ ఇంటికే పంపుతారు. వసారాలో తెర కడతారు. తెరకు ఇవతల కమిషనరు, ఇరుపక్షాల వకీళ్ళు. అవతల ఆ ఇల్లాలు. ఆమె పక్కన నేను. ప్రశ్నను ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పడం, ఆమె జవాబును అందరికీ వినపడేట్టు చెప్పడం, చివర రాసినదంతా ఆమెకు చదివి వినిపించి వేలిముద్ర వేయించడం నా పని. తెర వెనక కూర్చున్నది నిజంగా ఆమేనా అని చూడటం కూడా. ఈపూరు దగ్గర ఒక ఇంట్లో అత్తగారికి బదులు కోడలు కూర్చుని గొంతు మార్చి మాట్లాడింది. నేను లేనప్పటి ముచ్చట అది. సాక్ష్యమంతా పూర్తయి వేలిముద్ర వేసేటప్పుడు చెయ్యి తెర కిందనుంచి బయటికొస్తే, ముడతల్లేని పడుచు చెయ్యి! ఆ మోసం తరువాతే నరసింహం గారు తెర లోపల ఒక ఆడమనిషి ఉండి తీరాలని పట్టుబట్టారు.

నరసింహం గారి గురించి ఒక్కమాట చెప్పాలి. పొడుం పీల్చే మనిషి, కోపిష్ఠి, గొడుగు లేకుండా గడప దాటేవారు కాదు. నాకు ఆయన చెప్పిన పాఠం ఒక్కటే. "సీతమ్మా, తెర లోపల నీకు చెవులే ఉండాలి. నోరు అద్దెనోరు. ఆమె ఏడిస్తే ఏడ్చిందని చెప్పు. ఊరుకుంటే ఊరుకుందని చెప్పు. నువ్వనుకున్నది మాత్రం చెప్పకు." ఆ పాఠం నాకు ఎంత బరువో మాచెర్లలోనే తెలిసింది.

బొగ్గు బస్సులో

పెట్రోలు దొరకని కాలం. బస్సులకు వెనకాల పెద్ద పీపాలాంటి పొయ్యి బిగించి బొగ్గు వేసి, దాని గ్యాసుతో నడిపేవారు. ఎత్తు వస్తే మగవాళ్ళంతా దిగి తొయ్యాలి. నరసింహం గారు గొడుగు నాకిచ్చి తానూ తోశారు. మళ్ళీ ఎక్కాక, చెమట తుడుచుకుంటూ, చెట్ల చట్టం చెప్పారు. నేను అడిగితేనే.

"చెట్టు మొదలు ఎవరి నేలలో ఉంటే చెట్టు వాళ్ళది. కొమ్మ పక్కింటి మీదికి పోతే, ఆ పక్కింటివాళ్ళు తమ హద్దు దాకా నరుక్కోవచ్చు. అవతలి నేల తొక్కకూడదు, హద్దు దాటి ఒక్క రెమ్మ కోయకూడదు. నరికిన కొమ్మ, రాలిన కాయ మాత్రం చెట్టుగలవాళ్ళవే."

"చెట్టు పాతదైతే? వాళ్ళ తాతలనాటినుంచీ ఆ కొమ్మ అక్కడే ఉంటే?"

"ఉన్నా అంతే. కొమ్మకు పక్కింటి ఆకాశం మీద హక్కు పుట్టదు. ఖాసింబీ గెలిచే దావాయే ఇది. మనం పోయేది తంతు పూర్తిచేయడానికి."

"మరి చెట్టుగలామె బాధ్యత?"

"కొమ్మ పుచ్చిందని తెలిసీ ఊరుకుంటే, అది పడి నష్టమైతే తప్పు ఆమెదే. తెలియకుండా గాలివానకు పడితే దైవాధీనం." పొడుం డబ్బీ మూత వేసి, "సరిగ్గా హద్దు మీదే మొలిచిన చెట్టు మాత్రం ఇద్దరిదీ. ఒకరు నరకాలంటే రెండోవాళ్ళు ఒప్పుకోవాలి. ఇది మటుకు గుర్తుపెట్టుకో, దీని మీద తలలు పగిలాయి" అన్నారు.

నాపరాళ్ళ గోడకు అటూ ఇటూ

మాచెర్లలో ఖాసింబీ గారి ఇల్లు నాపరాళ్ళ మిద్దె. ఎండాకాలం ఆ రాళ్ళు కాలిన పెనం లాగుంటాయి. ఇంటి వెనక చిన్న పెరడు. దాని చుట్టూ నిలువునా పాతిన నాపబండల గోడ. గోడకు అవతల పిచ్చమ్మ గుడిసె, ఆమె చింతచెట్టు. చెట్టు మొదలునుంచి ఒక పెద్ద కొమ్మ గోడ దాటి వచ్చి ఖాసింబీ గారి పెరటినంతా కప్పేసింది. చెట్టంతా కాయ విరగకాసింది. పండి, పెచ్చులు కట్టి ఉంది. తీర్పు వచ్చేదాకా ఎవరూ ఆ కొమ్మ జోలికి పోరాదని కోర్టువారు ఉత్తరువు ఇచ్చారు. నరకడానికీ లేదు, దులపడానికీ లేదు. మబ్బు పట్టినప్పుడల్లా పిచ్చమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని చెట్టు వంక చూసేదట. వాన పడితే పండు నల్లబడి ఎందుకూ పనికిరాదు.

పిచ్చమ్మ మొగుడు కోటయ్య రాతిగనిలో కూలి. కిందటేడు బండ జారి కాలు నలిగింది. అంతకుముందు ప్రతి ఏడూ ఆయనే చెట్టెక్కి దులిపేవాడు. కాలు పోయాక చెట్టును గుత్తకిచ్చారు. గుత్తదారు తన మనిషిని పంపి దులిపించుకుపోయాడు. ఇప్పుడు ఆ ఇంటికి చెట్టు తప్ప ఆధారం లేదు.

మేము పోగానే పిచ్చమ్మ నరసింహం గారి కాళ్ళ ముందు కూలబడింది. "అయ్యా, ఆ కొమ్మే చెట్టుకు సగం. అది పోతే మా కూడూ సగం పోద్ది. ఉన్న సగం చెట్టూ ఒక్కపక్కకు ఒరిగి పడిపోద్ది. మీరే న్యాయం చెప్పండి."

"నేను న్యాయం చెప్పేవాణ్ణి కాదమ్మా, రాసుకుపోయేవాణ్ణి" అన్నారాయన. ఆయన గొంతు ఎప్పటికంటే మెత్తగా ఉంది.

దావా ఖాసింబీ గారి పేర ఉంది గాని నడిపించేది ఆమె కొడుకు మస్తాన్. బొగ్గుబస్సుల మెకానిక్కు. ఊళ్ళో ఎవరి బస్సు మొండికేసినా అతనే దిక్కు. మాట తక్కువ మనిషి. వసారాలో గోడకానుకుని నిలబడ్డాడు. చేతులకు బొగ్గు ఇంకా వదల్లేదు. పిచ్చమ్మ అతని వంక చూసి, అందరికీ వినపడేట్టు, "చెట్టు మీద కాదు, దాని బొగ్గు మీద కన్నేశాడు. పెద్ద కొమ్మ కాలిస్తే బస్సుకు ఎన్నాళ్ళొస్తదో లెక్కేసుకున్నాడు" అంది. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

సాక్ష్యం

తెర లోపల ఖాసింబీ గారు చాప మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, జపమాల చేతిలో. ఆమె కూతురు తలుపు చాటున నిలబడింది. ఆ అమ్మాయి పేరు నేనిక్కడ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. నేను వాళ్ళింట్లో నీళ్ళు తాగనని వాళ్ళకు తెలుసు. ఆ పిల్ల ఆకులో రెండు అరటిపళ్ళు పెట్టి నా ముందుంచి, మాట్లాడకుండా వెనక్కి జరిగింది. అవతలివాళ్ళ కట్టుబాటును మనసులో తప్పుపట్టకుండా గౌరవించడం ఎట్లాగో నేను ఆ ఇంట్లో నేర్చుకున్నాను.

ఖాసింబీ గారి తరపు వకీలు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"చెట్టు ఆకులు, కాయలు మీ ఇంటి మీద రాలి ఇబ్బందిగా ఉన్నదా?"

నేను అడిగాను. "అవునను" అంది.

"కొమ్మ విరిగి పడుతుందని భయంగా ఉన్నదా?"

"అవునను."

ఎవరో నేర్పినట్టు చెబుతోంది. కళ్ళు నేల మీదే.

"ఆ కొమ్మను హద్దు వరకు నరికించమని కోరుతున్నారా?"

ఈసారి ఆమె నా మణికట్టు పట్టుకుంది.  వాళ్ళ మాటలో, నా చెవిలో మాత్రమే పడేట్టు అడిగింది: "అమ్మా, ఇప్పుడు నేను చెప్పేది కాగితమెక్కుతుందా?"

"ఎక్కుతుంది."

"కోర్టులో చదువుతారా? అందరి ముందూ?"

"చదువుతారు."

"నీ ఒక్కదానికే చెబితే?"

అప్పుడు నాకు నరసింహం గారి పాఠం గుర్తొచ్చింది. ఈమె కడుపులో ఏదో ఉంది. చెబితే నేను బయటికి చెప్పి తీరాలి. చెప్పకపోతే కొమ్మ పోతుంది, గోడ అవతల ఆ సంసారం పోతుంది. దాచిపెట్టమంటే అది నా చేతిలో లేదు. నేను ఆమె చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"నాకు చెప్పకండి. నాకు చెబితే నేను దాయలేను."

"మరెవరికి చెప్పేది?"

"ఎవరికి చెబితే పని అవుతుందో వాళ్ళకే."

ఆమె చాలాసేపు జపమాల వంక చూసింది. తరువాత, "పిచ్చమ్మను లోపలికి రమ్మను" అంది.

నేను ఉన్నది ఉన్నట్టు తెర ఇవతలకు చెప్పాను. "జవాబు చెప్పలేదండీ. పిచ్చమ్మను లోపలికి పిలవమంటున్నారు."

వకీళ్ళిద్దరూ ఒక్కసారే లేచారు. అదేం పద్ధతి, సాక్ష్యం మధ్యలో ప్రతివాది సాక్షిని ఎలా కలుస్తుంది, రాసుకోండి, మా అభ్యంతరం రాసుకోండి అని ఒకటే గోల. నరసింహం గారు కలం మూత పెట్టారు. పొడుం తీశారు. తాపీగా పీల్చి, రుమాలుతో ముక్కు తుడుచుకుని అన్నారు.

"నా గొంతు ఎండిపోతోంది. మంచినీళ్ళు తాగి వస్తాను. అంతదాకా సాక్ష్యం ఆపినట్టు. సాక్ష్యం జరగనప్పుడు ఇరుగమ్మ పొరుగమ్మ ఇంటికి పోతే ఆపే చట్టం నేను చదవలేదు. మీరిద్దరూ నాతో రండి."

అది రూలు ప్రకారం ఒప్పో తప్పో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆయన్ను అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. కాని ఆ మనిషికి నేను మనసులో పెట్టిన దండాలకు లెక్కలేదు.

ఇద్దరాడవాళ్ళు

గడప దగ్గర మస్తాన్ అడ్డం నిలబడ్డాడు. "ఆమె మా ఇంట్లో అడుగుపెట్టడానికి వీల్లేదు."

"పక్కకు జరగరా మస్తానూ" అంది పిచ్చమ్మ. "నువ్వు పుట్టినరోజున నీ నోట్లో తేనె నాకించింది ఈ చేతివేలే. ఇప్పుడు గడప దాటనియ్యవా?" అతను జరిగాడో, ఆమే తోసుకుని వచ్చిందో నాకు కనపడలేదు.

నేను లేచి వంటింటి గుమ్మంలోకి పోయి కూర్చున్నాను. వినకూడదనే అనుకున్నాను. కాని పిచ్చమ్మ గొంతు వినకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

"ఏంది వదినా ఇది? చెట్టు మీద నీకెందుకింత కచ్చ? ఏ ఏడన్నా మొదటి చిగురు నీకియ్యకుండా నేను కూరొండుకున్నానా?"

"చెట్టు మీద కాదే."

"మరి నీ కొడుక్కి బొగ్గు తక్కువైందా? ఊరంతా అదే అనుకుంటన్నారు."

"బొగ్గా? ఏం బొగ్గే?" ఖాసింబీ గారు నిజంగానే తెల్లబోయింది. ఆ మాట ఆమె చెవిన పడటం అదే మొదలు. "నా కొడుకు అట్టాంటోడా? నువ్వు పెంచినోడు గదే వాడు!"

"మరెందుకు చెప్పు!"

"మీ కోటయ్య చెట్టెక్కేముందు ఏం చేసేవాడు?"

"ఏం చేసేవాడు? కేకేసేవాడు. 'మరుగమ్మా మరుగూ' అని. మీరంతా లోపలికి పోయి, నువ్వు బిందె మీద గరిటెతో కొడితే అప్పుడెక్కేవాడు. నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ అంతేగా."

"నిరుడు ఎక్కినోడు కేకేశాడా?"

ఖాసింబీ గారే మళ్ళీ అందుకుంది.

"పిల్ల తలంటుకుని పెరట్లో జుట్టారబోసుకుంటంది. తలెత్తితే కొమ్మ మీద మగోడు. వాడు దిగిపోయి ఊరుకున్నాడా? బస్సుల దగ్గర మస్తానును చూసి ఏదో కూశాడంట. ఏం కూశాడో మస్తాను నాకిప్పటికీ చెప్పలా. ఆ రోజునుంచి మమ్మల్ని పగలు పెరట్లోకి పోనీడు. ఈ రాళ్ళ కింద ఉడికిపోతన్నాం. ఇదంతా కాగితం మీద రాయమంటావా? రాస్తే పిల్ల పేరు కోర్టులో చదవరూ?"

 తరువాత పిచ్చమ్మ ముక్కు చీదిన చప్పుడు. వెంటనే కోపం. "నీ నోరు పడిపోయిందా వదినా? ఆ రోజే గోడ మీద ఒక్క దెబ్బేస్తే నేను రానా? ఆ గుత్తదారుగాణ్ణి చెట్టుకు కట్టేసి చింతబరికెతో కొట్టేదాన్ని కాదా?"

"మస్తాను నోరెత్తొద్దన్నాడు. పరువంట."

"పరువు! వాడి పరువుకు నా చెట్టు కావాల్సొచ్చింది!"

అప్పుడు తలుపు చాటునుంచి ఆ పిల్ల మాట్లాడింది. నేను ఆమె గొంతు వినడం అదే మొదటిసారి.

"పిచ్చమ్మత్తా, కొమ్మ కొట్టెయ్యనియ్యమాకండి. వెనకవీధిలో కొత్తగా మేడ లేపారు చూడండి. కొమ్మ అడ్డముంది కాబట్టే వాళ్ళకు మా పెరడు కనపడటంలా. అది పోతే మేమింక ఎప్పుడూ బయట కూర్చోలేం. అన్నకు ఆ సంగతి తెలీదు. అన్న ఏనాడన్నా పెరట్లో కూర్చున్నాడా?"

 దావా రాసినవాళ్ళు, జవాబు రాసినవాళ్ళు, కమిషనరు, జవాను, ఇంతమంది మగవాళ్ళు ఆ కొమ్మ గురించి ఆలోచించారు. దాని కింద బతికే మనిషిని ఒక్కరూ అడగలేదు. గెలిచి ఆ కొమ్మ నరికించి ఉంటే, ఏ పిల్ల మరుగు కోసం నరికారో ఆ పిల్ల మరుగే పోయేది.

ఇల్లు ఎవరి పేరన

నరసింహం గారు తిరిగి వచ్చి కూర్చున్నారు. పాత ప్రశ్ననే మళ్ళీ అడిగించారు. కొమ్మను నరికించమని కోరుతున్నారా?

ఖాసింబీ గారు ఈసారి తల ఎత్తి చెప్పింది. నేను తెర ఇవతలకు చెప్పాను. "కోరడం లేదంటున్నారు. దావా వదులుకుంటున్నారట."

"కారణం?"

"కారణం చెప్పనంటున్నారు."

"అమ్మా!" అన్నాడు మస్తాన్ వసారాలోనుంచి. "నీకేం తెలుసని..."

అంతదాకా పరాయి మగవాళ్ళకు గొంతు వినపడకూడదని నా చెవిలో తప్ప మాట్లాడని మనిషి, తెరలోనుంచి తెలుగులో గొంతెత్తింది. "ఇల్లు ఎవరి పేరన ఉందిరా?"

అతను వకీలు వంక చూశాడు.

"నిన్నేరా. ఎవరి పేరన ఉంది?"

"నీ పేరనే."

"మీ నాయన పెళ్ళినాడు మహరు కింద నాకు రాసిచ్చిన ఇల్లిది. దావా ఎవరిదిరా?"

"నీదే."

"నాదైతే నేను వదులుకుంటన్నా."

ఇద్దరు వకీళ్ళ ముందు, కమిషనరు ముందు, గోడల మీదినుంచి చూస్తున్న వీధివాళ్ళ ముందు. తెర సందులోనుంచి నేను అతని మొహం చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. చెల్లెలి కోసం ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా లోలోపల కాలిన మనిషి అతను. బొగ్గుకోసమని ఊరంతా అంటే పడ్డాడు, నిజం మాత్రం నోరు దాటనివ్వలేదు. చివరికి కన్నతల్లి నలుగురిలో నోరు మూయించింది. అతను టోపీ పెట్టుకుని బస్సులవైపు వెళ్ళిపోయాడు.

నరసింహం గారు పిచ్చమ్మను పిలిచి, ఇకమీదట ఎలా నడుచుకుంటావో ఒక రాజీ కాగితం రాసుకుందామన్నారు. ఖాసింబీ గారు ఒప్పుకోలేదు. రాస్తే ఎందుకు రాశారని అడుగుతారు గదా. అప్పుడు పిచ్చమ్మ తెర దగ్గరికి పోయి చెప్పింది. "నా చెట్టెక్కే ప్రతోడి పక్కన నేను నిలబడతా వదినా. కేక నేనేస్తా. నీ బిందె మోగందే ఎవడి కాలూ మొదలు మీద పడదు. పడితే ఆ కాలు నేను ఇరగ్గొడతా." మా వెంట వచ్చిన దస్తగిరి మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాడు. వాయిదా రోజున దావా ఎత్తివేశారు. వాన పడకముందే ఆ ఏటి పండు దులిపారని దస్తగిరే తరువాత చెప్పాడు. అంతా ఆ ఊరి చెన్నకేశవస్వామి దయ.

నా అభిప్రాయం

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను దాచకుండా చెప్పదలచుకున్నది ఇది. చెట్ల దావాల్లో చట్టం చాలా చిన్నది. బస్సులో కూర్చుని ఒక ఎత్తు దిగేలోపు నేర్చుకోవచ్చు. కొమ్మ నరుక్కునే హక్కు ఉందా లేదా అన్నది మొదటి రోజే తేలిపోతుంది. మిగిలిన కాలమంతా ఆ హక్కు ఎందుకు కావాల్సివచ్చిందో తెలుసుకోవడానికే. మీ దగ్గరికి వచ్చినవాళ్ళు ఆకుల చెత్త అంటారు, వేరు గోడను ఎత్తేసిందంటారు, కాకుల గోల అంటారు. అబద్ధమని కాదు. కాని ఆ చెత్త పదేళ్ళుగా రాలుతోంది గదా, ఈ ఏడే ఎందుకు బరువైందని ఒక్కసారి అడగండి. ఆ ఇంటి ఆడవాళ్ళను వేరే అడగండి. వాళ్ళ ఇంటికి పోయి, ఆ చెట్టు కింద కాసేపు కూర్చుని అడగండి.

చెట్టుగలవాళ్ళకు నేను చెప్పేది కొంచెం కటువుగా ఉంటుంది. చెట్టు మీ సొత్తయితే, దానిమీదికి ఎక్కేవాడి నడవడికీ మీదే పూచీ. గుత్తకిచ్చాం, మాకు సంబంధం లేదనకండి. పిచ్చమ్మ మంచి మనిషి. అయినా చెట్టుతోపాటు ఆ కేకను కూడా గుత్తదారుకు అప్పగించాలని ఆమెకు తోచలేదు. కోటయ్య తనంతట తాను చేసేవాడు కాబట్టి అది ఒక బాధ్యత అని ఎవరికీ గుర్తులేదు. మంచివాళ్ళు చేసిపెట్టే పనులు అట్లాగే కంటికి కనపడవు. ఆ మనిషి మంచాన పడ్డాకే తెలుస్తాయి.

మగవాళ్ళు పరువు కోసం దాచేవాటిని నేను పూర్తిగా తప్పుపట్టను. మస్తాన్ చెప్పకపోవడం వల్లనే ఊరంతా తలకిందులైంది, నిజమే. కాని చెప్పి ఉంటే ఆ పిల్ల పేరు ఊళ్ళో ఎన్ని నోళ్ళలో పడేదో కూడా నాకు తెలుసు.

గాలివాన తరువాత

మరుసటి ఏడు వైశాఖంలో ఇంకో కమిషను మీద మాచెర్ల పోయాను. పని ముగిశాక ఖాసింబీ గారిని చూసి వద్దామని వెళ్ళాను. అంతకు రెండు మూడు రోజుల ముందు పెద్ద గాలివాన వచ్చిపోయింది. పెరట్లోకి పోయేసరికి ఆ చింతకొమ్మ మొదట్లో చీలి, కిందికి వాలి ఉంది. దాని కింద మస్తాన్ చొక్కా విప్పేసి పని చేస్తున్నాడు. బస్సు జాకీ ఒకటి బండల మీద నిలబెట్టి, కొమ్మను అంగుళం అంగుళం పైకి లేపుతున్నాడు. రెండు నిలువు నాపరాళ్ళు కొమ్మ కింద పాతడానికి గుంటలు తవ్వి ఉన్నాయి. చీలిక చుట్టూ బిగించడానికి పాత బండిచక్రం ఇనపకమ్మి కాల్చి వంచి తెచ్చాడు.

గోడ అవతల పిచ్చమ్మ నిలబడి ఏడుస్తోంది. "వద్దురా నాయనా. నాకు తెలుసు, ఇది పడితే తప్పు నాదే. నీళ్ళకు పోతే అందరూ అదే చెబుతున్నారు. ఊతరాళ్ళకు డబ్బు నా దగ్గరేముంది? నరికెయ్. నీ హద్దు దాకా నరికెయ్. నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో, నేనేమీ అనను."

"ఊరుకో అత్తా" అన్నాడతను, జాకీ మీదినుంచి కళ్ళు తియ్యకుండా. "చెయ్యి పట్టాల్సినప్పుడు పిలుస్తా."

చట్టం ప్రకారం ఆ పని అతనిది కాదు. నరకడం అతని హక్కు. నిలబెట్టడం పిచ్చమ్మ బాధ్యత. ఇవి రెండూ నాకు బాగా తెలుసు కాబట్టే అడిగాను. "మీరెందుకు బాబూ ఇంత కష్టపడుతున్నారు?"

అతను జాకీ ఇంకో రెండుసార్లు తిప్పాడు. "మా అమ్మ మధ్యాన్నం ఇక్కడ కూర్చుని బియ్యం ఏరుకుంటదండీ" అన్నాడు. "ఎండలో ఎట్టా కూర్చుంటది?"

లోపల ఖాసింబీ గారు నాతో మెల్లగా చెప్పింది. ఆ సాక్ష్యం రోజు తరువాత కొడుకు ఆమెతో సరిగ్గా మాట్లాడటం లేదట. అన్నం పెట్టమ్మా, వెళ్ళొస్తానమ్మా, అంతే. ఏడాదిగా అదే. నాకు ఆమెను ఓదార్చడం చేతకాలేదు. బయట జాకీ చప్పుడు వింటూ ఇద్దరం కూర్చున్నాం.

యుద్ధం అయిపోయి పెట్రోలు వచ్చాక బొగ్గుబస్సులు పోయాయి. మస్తాన్ పనికోసం గుంటూరు వైపు వెళ్ళాడని విన్నాను. తరువాతి సంగతి తెలియదు. ఆ పెరడు ఎవరిదో, చెట్టు ఉందో లేదో కూడా తెలియదు.

కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళకు గెలిచినవాళ్ళ పేర్లు గుర్తుంటాయి. తెలివిగా నడిపించిన వకీళ్ళ పేర్లు గుర్తుంటాయి. ఆ రోజు వసారాలో ఓడిపోయిన మనిషి ఒక్కడే. అతనివైపు మాట్లాడినవారు ఎవరూ లేరు, తెర లోపల కూర్చున్న నాతో సహా. ఇది చదివిన అమ్మాయిలూ, మీరు ఏ దేవుణ్ణి తలుచుకునేవారైనా సరే, సాయంత్రం దీపం పెట్టుకునేటప్పుడో, నమాజుకు కూర్చునేటప్పుడో, ఒక్క క్షణం మాచెర్ల మస్తాన్ను తలుచుకోండి. అతను ఎక్కడున్నా చల్లగా ఉండాలని కోరుకోండి.